కనుమ నాడు బొజ్జన్నకొండకి, దానియేలు బావ కోసం

బొజ్జన్నకొండ గురించి ఎందుకు రాయలేదని ఇద్దరు ముగ్గురు పాఠకులు అడిగారు. హంపీ దాకా వెళ్ళి రాళ్ళ గురించి పేజీలకు పేజీలు రాసినవాడివి, విశాఖపట్నానికి కూతవేటు దూరంలో, ఆ కొండ ఉన్న శంకరం ఎందుకు వదిలేశావని ఒకాయన కాస్త ఘాటుగానే నిలదీశాడు. వదిలేయలేదు, వాయిదా వేస్తూ వచ్చాను. మిగతా చోట్లన్నిటికీ శిథిలాలు చూడడానికి వెళ్ళాను. అక్కడికి మాత్రం మొదటిసారి ఒక మనిషిని వెతుక్కుంటూ వెళ్ళాను. ఆ తర్వాత ఎన్నిసార్లు వెళ్ళినా నాకు ఆ మొదటిసారే కనబడుతుంది. కాబట్టి రాస్తే అదే రాయాలి. దారి, బస్సులు, చూడాల్సినవి అన్నీ ఇందులోనే ఉంటాయి, కావాల్సినవాళ్ళు ఏరుకోండి. సరదా యాత్ర కోసం చదువుతున్నవాళ్ళు మాత్రం ఇక్కడే ఆగిపోతే నేనేమీ అనుకోను.

ఎనభైల మొదట్లో మాట ఇది. స్టీల్‌ప్లాంటు ఇంకా కడుతున్నారు. నేను గాజువాకలో ఒక కాంట్రాక్టరు దగ్గర టైమ్‌కీపరుగా చేస్తూ, ఒక్క గదిలో ఉంటూ, అన్నంతో పాటు సిమెంటు దుమ్ము కూడా తింటూ బతుకుతున్నాను. మా ఎస్తేరక్క వన్‌టౌన్‌లో పాతపోస్టాఫీసు వెనక సందులో, వాళ్ళ అత్తగారితో ఉండేది. అక్క భర్త దానియేలు బావ ఫిషింగ్ హార్బరులో ఒక మరబోటు మీద ఇంజను డ్రైవరు. పొడుగ్గా, సన్నగా ఉండేవాడు. ఎప్పుడో తాడు చుట్టే మిషనులో చెయ్యి పడి ఎడమ చేతికి చివరి రెండు వేళ్ళు పోయాయి. ఆ చేత్తోనే నా వీపు మీద ఒక్కటి చరిచి, “ఏటి బావ, ఈ పూట అన్నం తిన్నావా సిమెంటు తిన్నావా” అని అడిగేవాడు.

ఒక ముసురులో వెళ్ళిన ఆ బోటు తిరిగి రాలేదు. నాలుగైదు రోజులకి చెక్కలు భీమిలి వైపు ఒడ్డుకి కొట్టుకొచ్చాయి. బోటు మీద ఐదుగురు. ఇద్దరి శవాలు దొరికాయి. బావ దొరకలేదు.

ఒక ఏడాది గడిచింది. బావ వాళ్ళమ్మ, నేను అత్తమ్మ అనేవాణ్ణి, చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెట్టించి, సమాధుల తోటలో కొడుకు పేరున ఒక రాయి వేయించాలని పట్టుబట్టింది. ఆవిడకి గుండె జబ్బు. తను పోయేలోగా ఆ ప్రార్థన వినాలని ఆవిడ కోరిక. మా అక్క ఒప్పుకోలేదు. “సచ్చిపోయినాడని సూసినోడెవుడో నా ముందుకొచ్చి సెప్పమను, అప్పుడు ఏడుత్తాను” అనేది. అంతవరకూ ఒక్క చుక్క కన్నీరు కార్చలేదు. పాస్టరు గారు రెండుసార్లు ఇంటికొచ్చి నచ్చజెప్పినా వినలేదు. అత్తాకోడళ్ళ మధ్య మాటలు పోయాయి. ఒకే పొయ్యి మీద వండుకుంటూ, ఒకే గదిలో పడుకుంటూ, ఒకరితో ఒకరు మాట్లాడకుండా నెలలు గడిపేశారు. ఆ ఇంటికి వెళ్ళాలంటే నాకు కాళ్ళు ఆడేవి కావు.

అలాంటి రోజుల్లో అప్పలరాజు అని, మా సైటుకి కంకర తోలే లారీ డ్రైవరు, టీ కొట్టు దగ్గర నన్ను పక్కకి పిలిచాడు. బావని అతను హార్బరులో ఒకటి రెండుసార్లు చూశాడు. “సెప్పాలో వద్దో నాకు తెల్డం లేదు గానీ, అనకాపల్లి పక్కన శంకరం కొండ మీద ఒక మనిషి ఉంటన్నాడు. మాటాడడు. ఎడం సేతికి ఏళ్ళు లేవు. మీ బావలాగే పొడుగ్గా ఉన్నాడు. దూరం నుంచి సూసినాను, ఒట్టెయ్యమంటే ఎయ్యలేను” అన్నాడు. మామూలు రోజుల్లో ఆ మనిషి గుహల్లో ఎక్కడో దాక్కుంటాడట. కనుమ నాడు అక్కడ తీర్థం, అంటే జాతర, జరుగుతుందనీ, జనం తిండి పెడతారు కాబట్టి ఆ రోజు తప్పకుండా బయటికొస్తాడనీ చెప్పాడు.

అక్కకి చెప్పాను. ఆవిడ ఎగిరి గంతెయ్యలేదు, కళ్ళనీళ్ళు పెట్టుకోలేదు. కనుమకి నీకు సెలవుందా అని మాత్రం అడిగింది. పాస్టరు గారికి తెలిస్తే ఆ తీర్థాలకి మనం వెళ్ళకూడదంటారేమో అన్నాను. “నాను తీర్థానికెల్తన్నానా? నా మొగుడి కోసం ఎల్తన్నాను” అంది. ఎవరికో ఒకరికి తెలియాలి కదా అని అత్తమ్మకి కూడా నేనే వెళ్ళి చెప్పాను. ఆవిడ తలుపు గొళ్ళెం పట్టుకుని నిలబడి అంతా విని, దానికి పిచ్చెక్కిందంటే నీక్కూడా ఎక్కిందా అని లోపలికెళ్ళిపోయింది.

కనుమ పొద్దున్న ఏడు గంటలకి గాజువాకలో అనకాపల్లి బస్సెక్కాం. టికెట్టు రెండు మూడు రూపాయల్లో ఉండేది. ఇప్పుడు నాలుగు వరుసల రోడ్డు మీద గంటలోపే చేరుకుంటారు గానీ, అప్పుడు కూర్మన్నపాలెం, లంకెలపాలెం మీదుగా గంటన్నర పట్టేది. ఎడమవైపు స్టీల్‌ప్లాంటు కోసం ఖాళీ చేయించిన ఊళ్ళు కనిపించేవి. కప్పులు తీసేసిన ఇళ్ళు, గోడలు మాత్రం నిలబడి ఉన్నాయి, ఒక ఇంటి అరుగు మీద ముగ్గు చారలు ఇంకా పోలేదు. పాత శిథిలాలు చూడడానికి వెళ్ళేవాడికి దారిలోనే కొత్త శిథిలాలు కనబడ్డాయి, వాటికి టికెట్టూ లేదు, బోర్డూ లేదు. బస్సు నిండా పండగ జనం. ఒకాయన ఒళ్ళో కోడిపుంజు, దాని కాలికి ఎర్ర గుడ్డ. అందరూ నవ్వుకుంటూ ఉన్నారు. మా అక్క ఒక్కతే కిటికీ చువ్వ పట్టుకుని బిగుసుకుపోయి కూర్చుంది. ఒళ్ళో సంచి. సంచిలో ఒక నీళ్ళ సీసా, గ్లాసు, క్యారేజీలో బావకి ఇష్టమైన చందువ చేప పులుసూ అన్నం, బావ చొక్కా ఒకటి, లుంగీ ఒకటి, గెడ్డం గీసుకునే సామాను. గెడ్డంతో ఇంటికొస్తే వాళ్ళమ్మ బెంగపెట్టుకుంటుందని అంది. నేను రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాను.

అనకాపల్లిలో దిగితే శంకరం అక్కడికి మూడు నాలుగు కిలోమీటర్లు. ఇప్పుడు ఆటోలు బోలెడు. మేము రిక్షా మాట్లాడుకున్నాం. దారి పొడుగునా చెరుకు తోటలు, బెల్లం వండే పెనాల మీంచి తియ్యటి పొగ. మరో రోజైతే ఆ వాసనకి నోరూరేది. రిక్షా అతను హుషారు మనిషి. రాళ్ళెయ్యడానికేనా అమ్మా వెళ్తున్నారని అడిగాడు. అక్కకి అర్థం కాలేదు. అతనే చెప్పాడు. ఆ కొండలో ఒక రాక్షసుడు చచ్చి పడున్నాడట, వాడి బొజ్జ బయటికి పొడుచుకొచ్చి ఉందట, కనుమ నాడు ఆ బొజ్జ మీద రాయేస్తే ఏడాది కీడంతా పోతుందట. వాళ్ళ తాతల నాటి నుంచీ వేస్తున్నారట.

ఇక కొండ సంగతి. పొలాల మధ్యలో రెండు గుట్టలు పక్కపక్కనే ఉంటాయి. తూర్పు వైపుది బొజ్జన్నకొండ, పడమటి వైపుది లింగాలకొండ. మొదటి దానికి మెట్లున్నాయి, మోకాళ్ళు బాగున్నవాళ్ళకి ఎక్కడం కష్టం కాదు. రాతిని తొలిచిన గుహలు, ఒకదాని మీద ఒకటి రెండంతస్తులు. వాకిలికి అటూ ఇటూ కాపలావాళ్ళ బొమ్మలు, లోపల గోడల్లో ధ్యానంలో కూర్చున్న బుద్ధుడు. ముక్కులు అరిగిపోయాయి గానీ ఆ కూర్చోవడంలో నెమ్మది పోలేదు. గుహ మధ్యలో రాతి స్తూపం, చుట్టూ తిరగడానికి దారి. పైకెక్కితే ఇటుకలతో కట్టిన పెద్ద స్తూపం అడుగు భాగం, చిన్న చిన్న గదుల పునాదులు. వందల ఏళ్ళ కిందట ఇక్కడ భిక్షువులు గుంపులుగా ఉండేవారట. ఇవన్నీ నేను తర్వాత్తర్వాత వెళ్ళినప్పుడు చూసినవి. ఆ రోజు ప్రతి గుహలోకీ తొంగి చూశాం గానీ, బుద్ధుణ్ణి చూడలేదు. చీకట్లో ఎవరైనా కదులుతున్నారేమోనని చూశాం. ఒక గుహలో కుర్రాళ్ళు పేకాడుతున్నారు. ఇంకోదాన్లో మాసిన గోనె పట్టా, ఒక సత్తు గిన్నె ఉన్నాయి, మనిషి లేడు. అక్క ఆ గిన్నెని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసి, మళ్ళీ అక్కడే పెట్టింది.

బయటికొచ్చేసరికి జనం పెరిగారు. జీళ్ళ బళ్ళు, బూరాలు, రంగుల గాజులు. కొండ వారన ఒక చోట గుండ్రంగా ఉబ్బిన దిబ్బ ఉంది. దాని ముందు అర్ధచంద్రంలా నిలబడి ఆడా మగా రాళ్ళు వేస్తున్నారు. ఎవరి మొహంలోనూ కోపం లేదు. నవ్వుకుంటూ, చంటిపిల్లల చేత కూడా వేయిస్తూ, పేలాలు తింటూ వేస్తున్నారు. రాయి తగిలినప్పుడల్లా ఒక చప్పుడు, వెనకాల ఒక కేక. ఒక ముసలావిడ మా అక్క ఖాళీ చేతులు చూసి జాలిపడినట్టుంది, వంగి ఒక రాయి తీసి చేతిలో పెట్టింది. “కొట్టమ్మా. నీ కీడంతా ఆడి బొజ్జకే పోద్ది.”

అక్క రాయి పట్టుకుని కాసేపు నిలబడింది. మా ఇంట్లో చిన్నప్పటి నుంచీ నేర్పిన చదువు ప్రకారం అయితే ఆ రాయి అక్కడే పారేసి వచ్చెయ్యాలి. వెయ్యదనే అనుకున్నాను. వేసింది. గురి చూసి, నడుం తిప్పి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి వేసింది. వంగి ఇంకోటి తీసి వేసింది. తర్వాత ఇంకోటి. చుట్టూ ఉన్నవాళ్ళు మొదట నవ్వారు, తర్వాత నవ్వడం మానేసి కొంచెం పక్కకి జరిగారు. సముద్రం మీద కోపం, బోటు ఓనరు మీద కోపం, పాస్టరు గారి మీద, అత్తగారి మీద, ఏడాదిగా దొరకని మనిషి మీద ఉన్న కోపం, అన్నిటికీ ఆ దిబ్బే దొరికింది. నేను వెళ్ళి చెయ్యి పట్టుకునేదాకా ఆపలేదు. అరచెయ్యి గీసుకుపోయి రక్తం వస్తోంది. నాకు భయం వేసింది. అక్కని అలా ఎప్పుడూ చూడలేదు.

జీళ్ళు అమ్ముతున్న ఒకామెని అడిగాను, వేళ్ళు లేని మనిషి ఒకడు ఇక్కడ ఉంటాడట కదా అని. ఉంటాడు, పొద్దున్నే కుర్రాళ్ళు అతని మీద కూడా రాళ్ళు విసిరి తరిమేశారు, లింగాలకొండ వైపు పోయుంటాడని ఆమె తాపీగా చెప్పి, జీళ్ళేమైనా కావాలా అని అడిగింది.

లింగాలకొండకి జనం పెద్దగా వెళ్ళరు, అప్పుడూ ఇప్పుడూ కూడా. వెళ్ళాల్సింది అక్కడికే. గుట్ట రాతినే చెక్కి, వరుసలు వరుసలుగా గుండ్రటి స్తూపాలు మలిచారు. కొన్ని మనిషి ఎత్తున, కొన్ని బోర్లించిన బిందె అంత. లింగాల్లా కనబడతాయని ఆ పేరు. ముళ్ళ పొదల మధ్య, ఎండలో, పేరూ ఊరూ లేకుండా అలా ఉన్నాయి. తీర్థం గోల అక్కడికి పల్చగా వినబడుతోంది. ఒక పెద్ద రాయి నీడలో తెల్ల చొక్కా వేసుకున్న ఒకాయన చెవికి చేతిరుమాలు అదిమిపట్టుకుని కూర్చున్నాడు. రుమాలు ఎర్రగా తడిసింది. ఆయనకి కొంచెం అవతల, మాకు వీపు పెట్టి, ఒక చిన్న స్తూపానికి ఆనుకుని ఇంకో మనిషి కూర్చున్నాడు. పొడుగ్గా, సన్నగా ఉన్నాడు. మెడ మీద జుట్టు అట్టలు కట్టింది.

నన్ను ఉండమని చేత్తో సైగ చేసి అక్క ఒక్కతే ముందుకెళ్ళింది. బావని ఆవిడ ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు. అప్పుడు కూడా పిలవలేదు. “ఇదిగో” అంది. ఇంట్లో పిలిచినట్టే, అన్నానికి పిలిచినట్టే పిలిచింది.

ఆ మనిషి తిరిగాడు. ఎండ అతని వెనక నుంచి వస్తోంది. గెడ్డం, చెంప ఎముకలు, నుదురు చూశాను. బావే అనుకున్నాను. ఒట్టు, బావే అనుకున్నాను. పక్కనున్న రాయిని పట్టుకున్నాను. అప్పుడతను క్యారేజీ చూసి రెండు చేతులూ చాపాడు. రెండు చేతులకీ వేళ్ళు లేవు. తెగినవి కావు అవి, కుష్టుతో అరిగిపోయినవి. ఎడమ చేతికి ఎక్కువ, కుడి చేతికి తక్కువ. అక్క ఆ చేతుల వైపు చూసింది, మొహం వైపు చూసింది, మళ్ళీ చేతుల వైపు చూసింది.

నాకు ఆ మనిషి మీద కోపం వచ్చింది. మా బావ కానందుకు. అతను చేసిన పాపం ఏముంది గనక, తిండి కోసం చెయ్యి చాపాడు, అంతే. అయినా వచ్చింది.

అక్క అక్కడే చతికిలబడి క్యారేజీ విప్పింది. మూతలో అన్నం పెట్టి, పులుసు పోసి, చేప ముల్లు తీసి, వేళ్ళు లేని చేతికి అందేలాగా ముద్దలు కలిపి పెట్టింది. అతను గబగబా తిన్నాడు. చివర్లో సంచిలోంచి చొక్కా, లుంగీ తీసి పక్కన పెట్టింది. అతను చొక్కా మొహానికి ఆనించుకుని వాసన చూసి, దాన్ని పట్టుకుని పొదల్లోకి వెళ్ళిపోయాడు.

చెవికి రుమాలు పెట్టుకున్నాయన ఇదంతా చూశాడు. అక్క క్యారేజీ కడుక్కుని మిగిలిన నీళ్ళు గ్లాసులో పోసి ఆయనకిచ్చింది. దెబ్బ ఎలా తగిలిందని అడిగితే ఆయన కాస్త విసుగ్గానే చెప్పాడు. అనకాపల్లిలో చరిత్ర పాఠాలు చెప్పే లెక్చరరట. ప్రతి కనుమకీ వచ్చి ఆ దిబ్బ ముందు నిలబడి, అది రాక్షసుడి బొజ్జ కాదు, ఎవరో పెద్ద భిక్షువు అస్థికల మీద కట్టిన స్తూపం, కొట్టకండని చెబుతాడట. ప్రతి ఏడూ తిట్టి పంపిస్తారట. ఈసారి రాయి తగిలింది. వచ్చే ఏడు రానని అన్నాడు. నిరుడు కూడా అలాగే అనుకున్నాడట.

ఆయన తిరిగిచ్చిన గ్లాసు అక్క చేతిలో ఆగిపోయింది. “అయితే అది గోరీయేనా బాబూ?”

“గోరీ లాంటిదేనమ్మా.”

“నానూ ఏసినాను. సేతులు నొప్పెట్టీదాకా ఏసినాను.”

ఆయన రుమాలు మడత తిప్పి మళ్ళీ చెవికి అదుముకున్నాడు. తెలియక వేశారులెండి అన్నా బాగుండేది. అక్కే మళ్ళీ అడిగింది, మరి ఈ చిన్నవాటి లోపల ఎవరి ఎముకలున్నాయని. వీటిలో ఏమీ లేవని ఆయన చెప్పాడు. లోపల ఖాళీ కూడా లేదు, నిండు రాయే. కొండని చెక్కి అలా వదిలేశారు. ఎవరి పేరు మీద చెక్కించారో తెలియదు, పోయినవాళ్ళ కోసం కావచ్చు, తమ పుణ్యం కోసం కావచ్చు, పేర్లు రాసుకోలేదు. తెలియనిది తెలియదని చెప్పే లెక్చరరుని నేను చూడడం అదే మొదటిసారి.

“లోపల ఏటీ పెట్టకుండా కట్టొచ్చా?” అంది అక్క.

“కట్టారు కదమ్మా. చూస్తున్నారుగా.”

ఆవిడ లేచి ఆ వరుసల మధ్య నడిచింది. అరచేతి దెబ్బ మీద కొంగు చుట్టుకుని, ఒక్కొక్క రాయినీ ముట్టుకుంటూ, ఆ చివరిదాకా వెళ్ళి వచ్చింది. నేను తొందరపెట్టలేదు. మూడు గంటలయ్యేసరికి కొండ దిగాం.

తిరుగు బస్సులో లంకెలపాలెం దాటాక అక్క కిటికీలోంచి బయటికి చూస్తూనే చెప్పింది. “ఈడే నా మొగుడనీసుకుందామనుకున్నాన్రా. ఒక్క నిమిసం. ఆడి సేతులు సూసినాక కూడా. తానం సేయించి, గెడ్డం గీసి, ఇంటికి తీసుకెల్పోదామనుకున్నాను.” సంచి సర్దుకుని, “అత్తకి సెప్పు. పాస్టరయ్యగారిని పిలమను. మనం కూడా ఏటీ లేకుండానే కట్టించుకుందాం” అంది. నేను తలూపాను.

గాజువాకలో నా గదికి వెళ్ళకుండా, బస్సు మారి నేరుగా వన్‌టౌన్ వెళ్ళాం. సాయంత్రం దీపాలు పెట్టే వేళ. అత్తమ్మ వాకిట్లోనే నిలబడి ఉంది. తల దువ్వుకుని, చర్చికి కట్టుకునే తెల్ల చీర కట్టుకుంది. మమ్మల్ని చూసి ఏమీ అడగలేదు. మా ఇద్దరి భుజాల మీంచి వెనక్కి, సందు మొదటిదాకా చూసింది. అలా చూస్తూనే ఉంది. మా వెనక ఇంకెవరూ రావడం లేదని తెలిశాక లోపలికి వెళ్ళింది. గదిలో చాప మీద నాలుగు కంచాలు బోర్లించి ఉన్నాయి. ఆవిడ వంగి, ఒక కంచం తీసి, గోడకున్న చెక్క మీద పెట్టేసింది. కొడుకు పోయాడని ఊరందరితో వాదించి, ప్రార్థన పెట్టించమని కోడలితో పోట్లాడిన మనిషి ఆవిడ. నాకు పిచ్చెక్కిందన్న మనిషి ఆవిడ.

అక్క వెళ్ళి ఆవిడ పక్కన కూర్చుని, “అత్తా, ఆదివారం ప్రార్థన పెట్టించీయ్” అంది. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకున్నారు. ఏడాది ఏడుపంతా ఆ సాయంత్రమే వచ్చింది. ఇరుగుపొరుగు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. నేను బయటికి వచ్చేశాను.

శవం లేకుండా సమాధి ఏమిటని సంఘ పెద్దలు కొన్ని రోజులు తర్జనభర్జన పడ్డారు. పాస్టరు గారే చివరికి గోడ వారన కాస్త చోటిప్పించారు. మేస్త్రీ అందరికీ కట్టినట్టే పలకలా కట్టబోతే, గుండ్రంగా కట్టమని అక్క దగ్గరుండి కట్టించుకుంది. అత్తమ్మ కోరుకున్న ప్రార్థన విన్నది. కూడిక అయిపోయి, అందరూ వెళ్ళిపోతున్నప్పుడు, గేటు దగ్గర ఒకామె నిలబడి ఉంది. నుదుట విబూది బొట్టు, పక్కన పిల్ల. గోదావరి జిల్లా నుంచి బతుకుతెరువు కోసం వచ్చిన కుటుంబం. ఆమె మొగుడూ అదే బోటు మీద వెళ్ళాడు, అతనూ దొరకలేదు. వాళ్ళ పద్ధతిలో చెయ్యాల్సినవి చేయించారట గానీ, వెళ్ళి కూర్చోడానికి ఆమెకి ఎక్కడా ఏమీ లేదు. లోపలికి రావచ్చో లేదో తెలియక చాలాసేపటి నుంచి అక్కడే ఉన్నట్టుంది. అక్క వెళ్ళి తీసుకొచ్చింది. ఆమె ఆ సిమెంటు గుండ్రాన్ని చూసి, చేతిలో ఉన్న చామంతులు నలుపుకుంటూ అడిగింది.

“ఇందులో మీ ఆయన లేరు కదండీ. మా ఆయన కూడా ఇక్కడే ఉన్నారనుకోవచ్చాండీ?”

“అనుకో అమ్మా” అంది అక్క. “సోటుంది.”

ఇన్నేళ్ళలో చాలా శిథిలాలు చూశాను. రాజుల కోటలు, కూలిన మండపాలు, వాటి ముందు నిలబడి ఫొటోలు తీసుకునే జనం, వాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఎవరు కట్టారు, ఎవరు కూల్చారు అని అడుగుతాం గానీ, కట్టినవాడికి ఆ పూట ఏం పోయిందో అడగం. లింగాలకొండ మీద మాత్రం నాకు ఆ ప్రశ్నే వస్తుంది. ఆ రాళ్ళు చెక్కించినవాళ్ళలో కొందరికైనా శవం దొరికి ఉండదు. ఇది చరిత్ర కాదు, నా ఊహ. లెక్చరరు గారు వింటే ఒప్పుకోరు. మన దగ్గర మిగిలింది ఏమీ లేనప్పుడు కూడా ఒక చోటు కావాలనిపించడం కొత్త సంగతి కాదని తెలిశాక, మా అక్క మీద నాకు గౌరవం పెరిగింది, దుఃఖం మాత్రం తగ్గలేదు. బొజ్జ మీద రాళ్ళు వెయ్యడం ఇప్పుడు చాలావరకు మాన్పించారని చెబుతున్నారు. సంతోషం.

వెళ్ళేవాళ్ళకి ఒక సలహా. ఉదయం ఎండ ముదరక ముందే అనకాపల్లి చేరుకుని, నీళ్ళు వెంట పెట్టుకుని, ముందు లింగాలకొండే ఎక్కండి. నీడ తక్కువ, అలసట వస్తుంది, కూర్చోవాలనిపిస్తుంది. ఆ చిన్న చిన్న గుండ్రాలు కూర్చోడానికి సరిగ్గా పీటల్లాగే ఉంటాయి. వాటి మీద కూర్చోకండి, పక్కన నేల మీద కూర్చోండి.